ఎమ్మిగనూరు కాపీ

సినిమా విడుదలైన పూట గడవకముందే దాని మంచీ చెడ్డా ఇప్పుడు ఫోనులో చేతికొచ్చేస్తున్నాయి. ఎవరెవరో కూర్చుని చుక్కలు వేస్తున్నారు, రెండున్నర అని, మూడు అని. నాకు పదహారేళ్లున్న ఆ కాలంలో, ఆదోనిలో మా పత్తి మిల్లు వరకూ, ఆ పని నేనొక్కదాన్నే చేసేదాన్ని. అక్షరాలే రావు, ఇక చుక్కలు ఎక్కడివి. నోరు మాత్రం ఉండేది. ఆ నోటితో ఎన్ని సినిమాలను లేపానో, ఎన్నింటిని ముంచానో నాకే గుర్తు లేదు. మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. పేపరంటే మాకు బొరుగుల ఉగ్గాని పొట్లంలో నూనె పీల్చుకునే కాగితం. కాబట్టి ఏ సినిమాకు పోవచ్చు, దేనికి పోతే పూట దండగ అన్నది నేను చెప్పిందే మాట. ఆ పెత్తనం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వుతూ ఉండగానే ఒక మనిషి గుర్తొస్తుంది. అక్కడితో నవ్వు ఆగిపోతుంది. ఇది ఆ మనిషి గురించి రాస్తున్నాను. (తప్పులుంటే సర్దుకోండి. మా కోడలు కొన్ని దిద్దింది, కొన్నింటిని నేను దిద్దనివ్వలేదు.)

ఆ పెత్తనం నాకెలా వచ్చిందంటే, మా మేనత్త మొగుడు ఊళ్లో ఒక సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు చించేవాడు. ఆయనకూ చదువు రాదు. టికెట్ రంగును బట్టి నేలకు కొందరిని, బెంచీకి కొందరిని, కుర్చీకి కొందరిని పంపేవాడు. ఒకసారి హాలువాళ్లు రంగులు మారిస్తే ఊళ్లో పెద్దమనుషులందరినీ నేల మీద కూర్చోబెట్టి, తోపుడుబండి వాళ్లను కుర్చీల్లోకి తోలాడు. నేను వాళ్లింట్లోనే ఉండేదాన్ని. మిల్లు వదిలాక సాయంత్రం మొదటి ఆటకు మామ నన్ను ఆడవాళ్ల వైపు తలుపు పక్కన నిలబెట్టేవాడు. కూర్చోవడానికి లేదు, నిలబడి చూడాలి. అలా ఆదోనికి వచ్చిన ప్రతి సినిమా మిల్లులో అందరికంటే ముందు నేనే చూసేదాన్ని. ఆట చివర తెర మీద పెద్ద అక్షరాలు పడితే, అవేమిటని ఒకసారి మామనడిగాను. "అయిపోయింది, లేసి పోండి అని రాసుంటాది" అన్నాడు. చాలా ఏళ్లు నేను అదే నమ్మాను.

సినిమాల పేర్లు కూడా మాకు తెలియవు. గోడ మీద బొమ్మను బట్టి మేమే పేరు పెట్టుకునేవాళ్లం. గుర్రం సినిమా, నల్ల కళ్లద్దాల సినిమా, నీళ్ల బిందె సినిమా. ఒకసారి మిల్లు గోడ మీద కొత్త బొమ్మ సగం చిరిగిపోయి కింద పాత బొమ్మ బయటపడింది. పైన మీసాల హీరో, కింద పూల పరికిణీ. మీసాలాయన పరికిణీ కట్టిన సినిమా ఎప్పుడొస్తుందా అని రెండు వారాలు ఎదురుచూశాం. రాలేదు. మామను కూడా తిట్టాం.

మిల్లులో మా పని కుప్పల ముందు వరుసగా కూర్చుని పత్తిలో ఆకు, కాయ తొక్కు, పచ్చబడిన దూది ఏరి పక్కన పడేయడం. మరలు లోపల, మేము బయట రేకుల కింద. కాబట్టి మాట వినబడేది. నేను కథ మొదలుపెడితే వరుస వరుసంతా నా వైపు జరిగేది. కథ చెప్పాక అభిప్రాయం చెప్పాలి. మా లెక్క చుక్కల్లో కాదు, కొంగుల్లో ఉండేది. కళ్లు తుడుచుకోవడానికి ఒక కొంగు చాలితే ఒక కొంగు సినిమా, పక్కామె కొంగు కూడా కావలసివస్తే రెండు కొంగుల సినిమా. మూడు కొంగులది నేను చూడలేదు. ఉందని మా వరుసలో పెద్దగొంతక్క అనేది. (ఆమె గుసగుసగా మాట్లాడినా స్టేషన్లో రైలు ఆగేదని పేరు.)

మొదట్లో నేను కథను ఉన్నదున్నట్టే చెప్పేదాన్ని. ఒక రోజు హీరో చచ్చిపోయే సినిమా చెప్పాను. బాగా చెప్పాను కాబోలు, వరుసంతా ముక్కులు చీదుతూ పత్తి వదిలేసింది. మేస్త్రి వచ్చి నిలబడ్డాడు. తలపాగా సర్దుకుని అన్నాడు.

"ఏం మే, తూకం పెరగల్లని పత్తికి నీళ్లు కొట్టేది సేటు సూసుకుంటాడు గదా. మీరేంటికి కష్టపడతారు?"

ఆ రోజు నుంచి నేను ముగింపులు మార్చడం మొదలుపెట్టాను. మొదట మేస్త్రికి భయపడి మార్చాను. తర్వాత నాకే అది బాగుంది. చచ్చిన హీరోలు లేచి కూర్చున్నారు. కళ్లు పోయినవాళ్లకు చూపొచ్చింది. ఒక ముసలి తల్లినైతే కాటి దాకా పోయాక వెనక్కి తెచ్చాను. వింటున్నవాళ్లు "అమ్మయ్య" అని దూది ఏరుకునేవాళ్లు. పని సాగింది, మేస్త్రి కూడా దగ్గర నిలబడి తూకం చూస్తున్నట్టు నటిస్తూ వినేవాడు.

కానీ నా మాట నమ్మి డబ్బులు పెట్టి పోయినవాళ్లు ఊరుకుంటారా. ఒక పొద్దున పెద్దగొంతక్క కుప్ప దగ్గరికి రాకముందే గేటు కాడి నుంచే అరిచింది.

"సత్తాడు గదమ్మే హీరో. పెండ్లి సేసుకుంటాడని సెప్తివి?"

అందరూ నా వైపు తిరిగారు. నాకు పదహారేళ్లు, నా దగ్గర ఉన్నది కథలు చెప్తుందన్న ఆ ఒక్క పేరే. నోటికొచ్చింది అన్నాను.

"నువ్వు యాడ సూసినావక్కా?"

"యాడేంది, ఈడనే. ఆదోనిలో."

"అదే మరి. ఆదోని కాపీ అంతే. ఎమ్మిగనూరు కాపీలో బతుకుతాడు."

"ఎమ్మిగనూరుకు వేరే కాపీ ఏంటికే?"

"ఆడ మగ్గాలోళ్లు ఎక్కువ గదా. కండ్లలో నీళ్లుంటే పోగు కనపడదంట. అందుకని సినిమావోళ్లు వాళ్లకు వేరే కడాకరు సీను పెట్టినారు. మా మామ సెప్పినాడు."

మా మామ చెప్పింది ఇంతే: ఆదోనిలో ఆడిన రీళ్ల డబ్బాలు బస్సులో వేసి ఎమ్మిగనూరుకు పంపిస్తారని, దారిలో అక్కడక్కడ ముక్కలు పోతుంటాయని. మిగతాదంతా నాది. పెద్దగొంతక్క "అబ్బ, ఏం నోరే నీది" అని నవ్వేసింది. వరుసంతా నవ్వింది. ఆ నవ్వుతో నేను బతికిపోయాను. ఆ మాట కూడా బతికిపోయింది. ఆ సీజనంతా మిల్లులో ఎవరి నోట విన్నా అదే. "మా అత్త ఎమ్మిగనూరు కాపీలో దేవత." "నా మొగుడు ఈడ సారాయి తాగుతాడు, ఎమ్మిగనూరు కాపీలో మజ్జిగ తాగుతాడు." మేస్త్రి కూడా సాయంత్రం కుప్పలు చూసి, "మీరు ఎమ్మిగనూరు కాపీలో సానా పనిమంతులంట. ఆదోని కాపీలో మాత్రం ఈ కుప్ప కదల్లేదు" అనేవాడు. లేనిది, ఉంటే బాగుండుననుకునేది ఏదైనా సరే ఎమ్మిగనూరు కాపీ. అందరికీ అది వేళాకోళమని తెలుసు. అందరికీ అంటే, అప్పటికి మా వరుసలో ఉన్న అందరికీ.

తర్వాతి సీజనుకు గాజులక్క వచ్చింది. వాళ్లాయన ఆదోని వీధుల్లో గాజుల బండి తోసేవాడు. ఆమె నఖాబు మడిచి తల వెనక పెట్టుకుని నా పక్కనే కూర్చునేది. ఎవరి చేయి పట్టుకున్నా చాలు, చూడకుండానే గాజు కొలత చెప్పేసేది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఆ వానాకాలంలో ఆమె కూతురు, ఎనిమిదేళ్ల పాప, జ్వరంతో చనిపోయింది. ఇంట్లో కూర్చోలేక మిల్లుకు వచ్చిందని మాకందరికీ తెలుసు. తెలిసీ, నేను గొడుగు సినిమా చెప్పడం మొదలుపెట్టాను.

బొమ్మ మీద తనకంటే పెద్ద ఎర్ర గొడుగు పట్టుకుని ఒక చిన్నపిల్ల నిలబడి ఉంటుంది. అందుకని గొడుగు సినిమా. ఆ పిల్ల తండ్రి రైలు గేటు కాపలావాడు. సాయంత్రం వాన వస్తే ఆయనకు గొడుగు తీసుకుపోవడం ఆ పిల్ల పని. ఒక రోజు గాలికి గొడుగు ఎగిరిపోయి పిల్ల తడుస్తుంది. జ్వరమొస్తుంది. మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున పోతుంది. నేను తలుపు పక్కన నిలబడి అంత ఏడ్చానంటే, మామ వచ్చి "బయటికి పోయి ఏడువు, లోపల సినిమా వినపడల్ల" అన్నాడు.

నేను పిల్ల తడిసిన దగ్గర గాలీ వానా చేతులతో చూపిస్తూ చెప్పి, జ్వరం దాకా వచ్చాను. పక్కన గాజులక్క చేతులు ఆగిపోయాయి. అప్పటికి గానీ నా బుర్రకు తట్టలేదు. జ్వరం వచ్చేసింది, ఇక వెనక్కి పోవడానికి లేదు. ఎదురుగా పెద్దగొంతక్క కళ్లతో నన్ను తినేస్తోంది. గబగబా చెప్పేశాను.

"నాలుగో రోజు పొద్దున పాప కండ్లు తెరిసింది. లేసి కూర్చుంది. 'అమ్మా, ఆకలైతాంది' అనింది. పెరుగన్నం కావల్ల అనింది. బెల్లం నంజుకుంటా అనింది."

గాజులక్క తలెత్తింది.

"బెల్లమా?"

"ఆ అక్కా. బెల్లం."

"పెరుగన్నంలోకి బెల్లం ఎవరు నంజుకుంటారు బేటీ?"

నేను నంజుకుంటాను. అందుకే నోటికి అది వచ్చింది. కానీ ఆ మాట ఎలా చెప్పను. "ఆ పాప నంజుకుంటాదక్కా" అన్నాను.

ఆమె చేతిలో దూదిని కాసేపు చూసింది. "మా పాప గూడ అంతే" అని, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఆ పూట ఎవరూ ఎన్ని కొంగులని అడగలేదు.

ఆ కథ అక్కడితో పోవాలి. పోలేదు. ఆ సాయంత్రమే పెద్దగొంతక్క ఆ సినిమాకు పోయింది. మర్నాడు వచ్చీ రాగానే, గాజులక్క వెనకే ఉందని చూసుకోకుండా, "ఏం సినిమా మే అది, పసిపిల్లను సంపేసినారు, వాళ్ల సేతులు పడిపోను" అంది. అన్నాక చూసుకుంది. నోరు మూసుకుంది, కానీ ఆమె గొంతు అప్పటికే మిల్లంతా తిరిగి వచ్చింది.

గాజులక్క నా వైపు చూసింది. "సచ్చిపోతాదా బేటీ?"

అవునక్కా, చచ్చిపోతుంది, నీకు చెప్పలేక మార్చాను, అంటే అయిపోయేది. ఆమె అర్థం చేసుకునేది కూడా. కానీ నాకు అలవాటైన మాట ఒకటుంది కదా. అది నాకంటే ముందే బయటికి వచ్చింది.

"అది ఆదోని కాపీ అక్కా. ఎమ్మిగనూరు కాపీలో బతుకుతాది."

అలవాటు కొద్దీ వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గాజులక్క నవ్వలేదు. కిందటి సీజనులో ఆమె మాతో లేదు. ఆమెకు అది వేళాకోళం కాదు, సమాచారం.

"ఎమ్మిగనూరులో ఎప్పుడు ఆడతాదంట?" అంది.

రెండు వారాల తర్వాత డబ్బాలు అక్కడికి పోయాయి. ఆ రెండు వారాలూ ఆమె రోజూ అడిగేది, "మీ మామ ఏమన్నాడు?" అని. నేను ఆ సినిమాను ముంచడానికి చేయని ప్రయత్నం లేదు. నా అభిప్రాయానికి మిల్లులో ఉన్న విలువంతా అందులో పోశాను. "పాటలు బాలేవక్కా." "సగం సినిమా వానే, గొడుగు తప్ప ఏం కనపడదు." "తండ్రి ఏషం కట్టినాయన సరిగ్గా ఏడవడు." చివరికి సగం కొంగు సినిమా అని కూడా అన్నాను.

"నాకు పాటలు ఏంటికి బేటీ. కడాన ఆ రోంత సూస్తే సాలు. లేసి కూర్చుంటాది గదా, అది."

మిల్లు సెలవు రోజు తాను పోతున్నానని చెప్పింది. వాళ్లాయన్ను ఎలాగో ఒప్పించిందట. "నువ్వూ రా. నాకు ఒంటిగా సినిమా సూసేది అలవాటు లేదు" అంది. ఒప్పుకుని తోడు పోయినా ఒక దారి ఉండేది. బస్సులోనైనా చెప్పేదాన్నేమో. నేను మాత్రం కాలు బెణికిందన్నాను. అనడమే కాక కుంటుతూ నడిచాను. సాయంత్రం దాకా కుంటీ కుంటీ అలిసిపోయాను. పెద్దగొంతక్క నన్ను పక్కకు లాగి, గొంతు వీలైనంత తగ్గించి, "సెప్పేసెయ్యే, పాపం" అంది. "నువ్వు సెప్పు" అన్నాను. "నేనేంటికి సెప్తా, కాపీ నీది" అంది. అలా ఇద్దరం చెప్పలేదు. నిజం చెప్తే ఆ ఒక్క పిల్లే కాదు, నేను బతికించినవాళ్లందరూ ఒకేసారి చచ్చిపోతారని నా భయం. నా పేరు కూడా వాళ్లతోపాటే.

సెలవు తర్వాత పొద్దున కుంటుతూ మిల్లుకు వెళ్లాను. గాజులక్క అప్పటికే వచ్చి కుప్ప ముందు కూర్చుని ఉంది. వరుసంతా ఆమెనే చూస్తోంది. చివరికి పెద్దగొంతక్కే ఉండబట్టలేక అడిగింది.

"పోయొస్తివా అక్కా?"

"ఆ."

"ఏమాయ?"

గాజులక్క చేతులు ఆగలేదు. ఆకు ఏరింది, తొక్కు ఏరింది. "ఈ బేటీ సెప్పినట్టే ఉండాది" అంది. "నాలుగో రోజు కండ్లు తెరిసింది. లేసి కూర్చుంది. పెరుగన్నం అడిగింది."

"బెల్లం?" అన్నాను నేను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

"బెల్లం గూడ" అంది. తర్వాత నా వైపు చూసి, "మొన్న కుడికాలు గదా బెణికింది?" అంది.

చూసుకుంటే ఎడమ కాలు కుంటుతున్నాను.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. ఇంకెవరైనా అయితే అప్పుడే సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. నాకు సిగ్గు రాలేదు, గర్వం వచ్చింది. ఎమ్మిగనూరు కాపీ నిజంగానే ఉందని ఆ పూటంతా నమ్మాను. నేను నోటికొచ్చినట్టు అన్న పెరుగన్నం, బెల్లం, తెర మీదికి ఎలా పోయాయో అని ఒకటే ఆశ్చర్యం. నా నోట్లో ఏదో మహిమ ఉందనుకున్నాను. మామకు చెప్తే, "నీ నోట్లో మహిమ ఉంటే నాకు జీతం పెంచమని సెప్పు" అన్నాడు. పోయి చూడకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. తర్వాతి సెలవు రోజు, రెండు కాళ్లూ బాగా నడుస్తుండగా, ఆదోని బస్టాండుకు పోయాను. బోర్డు చదవడం రాదు కాబట్టి కౌతాళం బస్సులో కూర్చున్నాను. అది కదిలాక పక్కామె కన్నడంలో ఏదో అడిగితే, ఇది సరిహద్దు వైపు పోయే బస్సని తెలిసి, అరిచి దిగాను. అడుక్కుని అడుక్కుని అసలు బస్సెక్కి ఎమ్మిగనూరులో దిగాను.

అక్కడ గేటు దగ్గర మా మామ లేడు. జీవితంలో మొదటిసారి టికెట్ కొని, నేల మీద, మగ్గాల ఇళ్ల ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. గొడుగు ఎగిరిపోయింది. పిల్ల తడిసింది. జ్వరం వచ్చింది. నేను మోకాళ్లు కౌగిలించుకుని నాలుగో రోజు కోసం చూశాను. ఆదోనిలో చచ్చిపోయిన చోటే, అదే దీపం పక్కన, అదే దుప్పటి కింద, పాప చచ్చిపోయింది. పెరుగన్నం లేదు. చుట్టూ ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు, వాళ్ల పోగుల గురించి ఎవరికీ పట్టింపు ఉన్నట్టు లేదు. తెర మీద లేచి పొమ్మనే అక్షరాలు పడ్డాయి. నేను లేవలేదు. ఇక్కడే ఎక్కడో, ఈ నేల మీదే, గాజులక్క ఒక్కతే కూర్చుని ఆ పాప లేస్తుందని చూసి ఉంటుంది. ఎంతసేపు చూసి ఉంటుంది. అక్షరాలు పడ్డాక కూడా చూసి ఉంటుందా. ఆ తర్వాత గంటసేపు బస్సులో వస్తూ, నాకేం చెప్పాలో ఆలోచించుకుని ఉంటుంది. ఊడ్చేవాళ్లు వచ్చి లేపితే గానీ నేను లేవలేదు.

మర్నాడు చెప్పేయాలని గట్టిగా అనుకుని పోయాను. ఆమే ముందు అడిగింది.

"ఎమ్మిగనూరుకు పోయొచ్చినావంట?"

ఆదోని అంత ఊళ్లో కూడా ఏదీ దాగదు. "ఆ" అన్నాను.

"కాలు బాగైందా?"

"బాగైందక్కా."

"సినిమా ఎట్లుండాది?"

నేను చూసిన సినిమాల గురించి ఎంతమంది ఎన్నిసార్లు అడిగారో. ఒక్కసారి కూడా జవాబుకు తడుముకోలేదు. ఆ రోజు తడుముకున్నాను.

"బాగుండాదక్కా."

"పాప?"

ఆమె నా ముఖం చూడటం లేదు. దూది చూస్తోంది. నిజం చెప్పమని అడుగుతోందో, చెప్పొద్దని అడుగుతోందో నాకు అర్థం కాలేదు.

"బతికిందక్కా" అన్నాను.

"ఆ" అంది. అంతే. ఇద్దరం ఆ కుప్ప ఏరి, ఇంకో కుప్ప ముందుకు జరిగాం. ఆ తర్వాత నేను మిల్లులో సినిమా కథలు చెప్పలేదు. అడిగితే గొంతు బాలేదనేదాన్ని. మేస్త్రి కూడా రెండు మూడుసార్లు అడిగి మానేశాడు.

సీజను అయిపోయే రోజున గాజులక్క ఒక డజను ఆకుపచ్చ గాజులు తెచ్చింది, నాకే. నా చేయి తన ఒడిలో పెట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి, ఒక్కొక్కటీ ఎక్కించింది. చేయి ఆమె చేతిలో ఉంది, చుట్టూ ఎవరూ లేరు, చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. "అక్కా" అన్నాను.

"బిగువైందా?" అంది.

"లేదక్కా" అన్నాను.

తర్వాత వాళ్లు కౌతాళంలో ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయారని విన్నాను. నాకు పెళ్లయింది, పిల్లలు, పనులు. కౌతాళం ఎంత దూరం. ఒక బస్సు. ఒకసారి పొరపాటున ఎక్కాను కూడా, ఎక్కి అరిచి దిగాను. కావాలని ఎప్పుడూ ఎక్కలేదు. ఆమె ఉందో లేదో కూడా నాకు తెలియదు.

చదువు నాకు యాభై దాటాక వచ్చింది. మా వీధి అంగన్‌వాడీలో మధ్యాహ్నాలు పెద్దవాళ్లకు నేర్పుతామంటే, కోడలు చేయి పట్టుకుని తీసుకుపోయి కూర్చోబెట్టింది. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి పెద్ద మాట ఆదోని బస్టాండులో బస్సు మీది బోర్డు. ఎ-మ్మి-గ-నూ-రు. చదివి సంతోషపడాల్సింది పోయి అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. కోడలు కళ్లు తిరిగాయేమోనని సోడా తెచ్చింది.

ఇప్పుడు మా వీధి ఆడవాళ్లందరికీ ఫోనులో ఒక గ్రూపు ఉంది. ఎవరు ఏ సినిమా చూసినా అందులో రాయాలి. నేను వారానికొకటైనా రాస్తాను. చుక్కలు వేయను, కొంగులే వేస్తాను. అబద్ధం రాయను. చివర్లో తల్లి చనిపోతుంది, గుండె నిబ్బరం లేనివాళ్లు పోవద్దు, అని ముందే రాసేస్తాను. దానికి నాకు పడే తిట్లు ఇన్నీ అన్నీ కావు. "కడాన ఏమైతాదో సెప్పేస్తే ఇంకేం సూడల్ల పెద్దమ్మా?" అని ఒకరు, "పెద్దమ్మను గ్రూపులో నుంచి తీసేయండి" అని ఒకరు. అబద్ధం చెప్పిన రోజుల్లో నా చుట్టూ మిల్లంతా చేరేది. నిజం చెప్తుంటే తీసేయమంటున్నారు.

మొన్న కోడలికి ఈ కథంతా చెప్పాను. తను ఫోనులో గొడుగు, రైలు గేటు, చిన్నపిల్ల, జ్వరం అని ఏవేవో కొట్టి, అరగంటలో ఆ సినిమా పట్టుకొచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం చూశాం. అరచేతిలో అంత చిన్నగా ఉన్నా, పాప అదే చోట చచ్చిపోయింది. కోడలు ముక్కు చీదింది. చివర తెర మీద ఆ పెద్ద అక్షరాలు పడ్డాయి, మామ చెప్పిన అక్షరాలు. ఈసారి నాకు చదువు వచ్చు. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. శు. భం.

"ఇదేంది, పసిపిల్ల సచ్చిపోతే శుభమంటారా?" అన్నాను.

"అన్నింటికీ అట్లే ఏస్తారత్తా" అంది కోడలు, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

అయితే ముగింపులో అబద్ధం చెప్పింది నేనొక్కదాన్నే కాదన్నమాట. ఆ మాట గాజులక్కతో చెప్పుకోవాలనిపించింది, ఇద్దరం కలిసి నవ్వేవాళ్లమేమో. లేదా ఆమె మళ్లీ దూది ఏరుకుంటూ "ఆ" అనేదేమో. ఇంతలో గ్రూపులో ఎవరో అడిగారు, ఈ వారం ఏం సూసినారు పెద్దమ్మా అని. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. పాత సినిమా. రెండు కొంగులు. చివర్లో పాప, అని రాసి వేలు ఆగింది. కాసేపటికి మిగతాది కూడా రాశాను. చివర్లో పాప లేచి కూర్చుని పెరుగన్నం అడుగుతుంది, బెల్లం నంజుకుని తింటుంది.

దాని కింద కోడలు సినిమా లింకు పెట్టింది. సాయంత్రానికి నలుగురు చూసినట్టున్నారు. వరసగా వచ్చాయి. "పాప సచ్చిపోతాది గదా పెద్దమ్మా?" "ఎప్పుడూ కడాన ఏమైతాదో సెప్పకుంటే బాగుండు అనుకుంటాంటే, ఈసారి తప్పు సెప్పినారే." "పెద్దమ్మకు మతిమరుపు వచ్చినట్టుండాది."

నేను కళ్లద్దాలు తుడుచుకుని జవాబు కొట్టాను. మీరు చూసింది ఆదోని కాపీ. నేను చెప్పింది ఎమ్మిగనూరు కాపీ. మ కింద మ ఒత్తు సరిగ్గా పడిందో లేదో మళ్లీ ఒకసారి చూసుకుని, పంపించాను.